ఆగ్రాలో తాజ్ ఒక్కటే చూసి వచ్చేయకండి

తాజ్‌మహల్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. బాగుంది, జనం విపరీతం. నేను రాస్తున్నది యమున అవతలి ఒడ్డున ఉన్న ఇత్మాద్-ఉద్-దౌలా సమాధి గురించి. అది మాకు కొద్దిలో తప్పిపోయేది.

రోజుకు 2,800 చొప్పున కారు మాట్లాడుకున్నాం. ఆ సమాధి కూడా బేరంలో ఉంది. తాజ్ చూసి రాగానే డ్రైవరు "అక్కడేముంది సార్, చిన్న కట్టడం" అంటూ తిన్నగా ఓ పాలరాయి షాపు ముందు ఆపాడు. గంటన్నర అక్కడే పోయింది. అరచేతిలో పట్టే పెట్టె 4,500 అన్నవాళ్లు మేం లేచేసరికి 900కి దిగారు. ఏమీ కొనలేదని డ్రైవరు మొహం మాడ్చుకున్నాడు. అక్కకి ఒళ్లు మండి, అక్కడికి తీసుకెళ్తేనే డబ్బులని హిందీలో గట్టిగా చెప్పాక కారు కదిలింది.

మొఘల్ చక్రవర్తి జహంగీర్ భార్య నూర్జహాన్ తన తండ్రి మీర్జా గియాస్ బేగ్ కోసం 1622-28 మధ్య కట్టించిన సమాధి ఇది. ఇత్మాద్-ఉద్-దౌలా అన్నది ఆయన బిరుదు. తాజ్ కంటే ముందుది. తెల్ల పాలరాతిలో పసుపు, గోధుమ, నలుపు రాళ్లు పొదిగారు. బావ గుంటూరులో టైల్స్ పనులు చేయిస్తాడు. తాజ్ దగ్గర ఫోను చూసుకుంటూ కూర్చున్న మనిషి, ఇక్కడ గోడ ముందు గొంతుక్కూర్చుని ఎంతకీ లేవడే! ఆరు కొమ్ముల నక్షత్రాలు, వాటి మధ్య షడ్భుజులు. "స్పేసర్ లేదు, గ్రౌట్ లేదు, జాయింట్ చూడు" అంటాడు. టైల్స్ మధ్య ఖాళీ సమంగా రావడానికి పెట్టే ముక్క స్పేసర్, ఆ ఖాళీలో నింపే ముద్ద గ్రౌట్.

మేనల్లుడికి వేలితో గాల్లో గీసి చూపించాడు. నక్షత్రం రెండు కొమ్ముల మధ్య సందు 120 డిగ్రీలు, షడ్భుజి మూలా 120. అందుకే అచ్చంగా కూర్చుంటుంది. వాడు పంచభుజులు ఎందుకు పెట్టలేదని అడిగాడు. దాని మూల 108. మూడు కలిపితే ఇంకా 36 డిగ్రీల సందు మిగులుతుంది, నాలుగోది పట్టదు. భుజాలూ కోణాలూ సమానంగా ఉన్న ఒకే రకం బిళ్లతో నేలంతా ఖాళీ లేకుండా పరచాలంటే త్రిభుజం, చతురస్రం, షడ్భుజి తప్ప దారి లేదు. స్కూల్లో నాకు ఎవరూ ఇంత బాగా చెప్పలేదు.

కనీసం రెండు గంటలు పెట్టుకోండి. కింది వరస పలకలు వదలకండి, నగిషీ అసలు అక్కడే. శుక్రవారం తాజ్ మూసేస్తారు, ఆ రోజు ఇటు రండి. కారు డబ్బులు మాత్రం అన్నీ చూశాకే ఇవ్వండి.