కాటా గది 486 మీద మూడు కంపైలర్లు: ఇరవై ఏళ్ల వాడకం తర్వాత

ఒడిశాలో పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్లే దారిలో ఒక ధాన్యం మిల్లు ఉంది. దాని కాటా గదిలో నేను చూసుకునే 486 అనే పాతకాలం కంప్యూటర్ ఒకటి ఉంది. 8 ఎంబీ ర్యామ్, ఆపరేటింగ్ సిస్టమ్ ఎంఎస్ డాస్ 6.22. లారీ కాటా ఎక్కితే బరువు సీరియల్ పోర్టులో వస్తుంది, సి భాషలో రాసిన ప్రోగ్రామ్ దాన్ని చదివి చీటీ కొడుతుంది. అంతే పని. కొత్త కంప్యూటర్ కొనొచ్చుగా అని నన్ను అడక్కండి. షావుకారు దగ్గర ఆ మాట ఎత్తితే "అది పని చేస్తంది కదా" అంటారు, దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క ప్రోగ్రామ్‌నే ఈ ఇరవై ఏళ్లలో మూడు కంపైలర్లతో (రాసిన కోడ్‌ని మెషీన్ నడిపే ఫైల్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) కట్టాను.

మొదటిది బోర్లాండ్ వారి టర్బో సి++ 3.0. కాటా బిగించినవాళ్లు డబ్బు పెట్టి కొన్న అసలు పెట్టెను, ఫ్లాపీలను, లావు పుస్తకాలను, సోర్స్ కోడ్‌ను మిల్లులోనే వదిలేసి తర్వాత దుకాణం ఎత్తేశారు. వాడిన సుఖం మాత్రం దీనిదే. కంట్రోల్ ఎఫ్9 కొడితే రెండు వేల లైన్లు ఆ 486 మీద కూడా చిటికెలో అయిపోతాయి. ఎఫ్7 నొక్కుకుంటూ ఒక్కో లైనూ దిగుతుంటే తప్పు ఎక్కడుందో కళ్లకు కనిపిస్తుంది. కాలేజీలో నేర్చుకున్న చేతికి ఇంతకంటే ఏం కావాలి?

దెబ్బ ఎక్కడ తగిలిందంటే, 2018లో కేంద్రం లారీల బరువు పరిమితి పెంచింది. ఆ ఖరీఫ్‌లో ఒక పెద్ద లారీ కాటా ఎక్కింది. డిస్‌ప్లే డబ్బా మీద 33,420 కిలోలు. కంప్యూటర్ తెర మీద మైనస్ 32,116. డ్రైవర్ కిటికీలోంచి తొంగి చూసి "కొణొ హెలా" (ఏమైంది) అంటున్నాడు. షావుకారు వచ్చి, "ఏట్రా నాయనా, లారీ మనకే బాకీ పడిందా?" అన్నారు. టర్బో సి++లో ఇంట్ (పూర్ణాంకాన్ని దాచే గడి) అంటే 16 బిట్లు, 32,767 దాటితే మైనస్‌లోకి తిరుగుతుంది. మొదట రాసినవాళ్లు బరువుని ఇంట్‌లో పెట్టారు. అంత బరువు లారీ అంతకుముందు ఆ కాటా ఎక్కలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. 32 బిట్ల లాంగ్‌గా మారిస్తే సరిపోయేది. కానీ ఆ రాత్రి చూస్తే ఇన్‌స్టాల్ ఫ్లాపీల్లో ఒకదానికి బూజు పట్టి చదవడం లేదు. హార్డ్ డిస్క్ పోతే మళ్లీ ఎక్కించే దారి లేదు. బోర్లాండ్ తర్వాత్తర్వాత ఉచితంగా ఇచ్చినవి టర్బో సి 2.01, టర్బో సి++ 1.01. మన కాలేజీల్లో చేతులు మారే 3.0 వాటిలో లేదు.

అందుకని డీజేజీపీపీ ఎక్కించాను. 1989లో డీజే డెలోరీ మొదలుపెట్టిన పని, జీసీసీ అనే కంపైలర్‌ని డాస్‌కి తెచ్చింది. పూర్తిగా ఉచితం. ప్రాసెసర్ 386 నుంచి పైకి ఏదైనా సరే. ఇంట్ 32 బిట్లు కాబట్టి లారీ గొడవ దానంతటదే పోయింది. తెర తుడిచే క్లియర్‌స్క్రీన్, కర్సర్ జరిపే గోటూఎక్స్‌వై లాంటి బోర్లాండ్ ఫంక్షన్లు కూడా ఉన్నాయి, తెర భాగం దాదాపు ముట్టుకోలేదు. సంతోషించేలోపే పాత రికార్డుల ఫైల్ తెరిచాను. మొదటి చీటీలో ఏపీ 30తో మొదలవ్వాల్సిన లారీ నంబరు 30తో మొదలైంది. ముందున్న చీటీ నంబరు పాత ఫైల్లో రెండు బైట్లు, ఇక్కడ ఇంట్ నాలుగు బైట్లు. అది పక్క గడిలోంచి రెండక్షరాలు మింగేసింది. రెండో చీటీ నుంచి అంతా చెత్త. ఆంధ్ర వైపు పాతపట్నం లారీ ఏదో మన లారీ ఏదో తెలియకపోతే ఈ సరిహద్దులో వ్యాపారం ఎలా? ఇంట్‌ని రెండు బైట్ల షార్ట్ చేసి, స్ట్రక్చర్‌ని (ఒక చీటీ గడులన్నీ కలిపిన రికార్డు) మధ్యలో ఖాళీలు లేకుండా ప్యాక్డ్ అని రాస్తే దారికొచ్చింది.

అసలు తలనొప్పి ఇంటరప్ట్‌ది, అంటే పోర్టులో బరువు రాగానే ప్రాసెసర్‌ని పిలిచే సంకేతానిది. డీజేజీపీపీ ప్రోగ్రామ్ డాస్ మామూలు పద్ధతిలో కాక ప్రొటెక్టెడ్ మోడ్‌లో నడుస్తుంది. ఆ పిలుపు అందుకునే సీరియల్ పోర్టు హ్యాండ్లర్ వాడే మెమరీని లాక్ చేయకపోతే అది ర్యామ్ చాలక డిస్క్‌కి స్వాప్ అయిన క్షణంలో మెషీన్ బిగుసుకుపోతుంది. 8 ఎంబీలో ఆ క్షణం తొందరగానే వస్తుంది. నాకు మధ్యాహ్నం రద్దీలో వచ్చింది, బయట ఆరు లారీలు. పైగా ఈఎక్స్‌ఈ (నడిచే ప్రోగ్రామ్ ఫైల్) పక్కన ఆ మోడ్‌కి కావాల్సిన సీడబ్ల్యూఎస్‌డీపీఎంఐ ఫైల్ పెట్టడం మర్చిపోతే "నో డీపీఎంఐ" అని మొహం మీదే చెప్పి ఆగిపోతుంది. కంపైల్ ఆ 486 మీదే చేయాలంటే టీ తాగి వచ్చినా అవ్వదు.

మూడోది ఓపెన్ వాట్‌కామ్, ఇప్పుడు నడుస్తున్నది ఇదే. వాట్‌కామ్ ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సిన కంపైలర్, డూమ్ ఆట కట్టింది దీంతోనే. 2003లో ఓపెన్ వాట్‌కామ్‌గా సోర్స్‌తో సహా ఉచితమైంది. నాకు నచ్చింది ధర కాదు. ఇంట్లో నా 64 బిట్ల విండోస్ ల్యాప్‌టాప్ మీద కూర్చుని ఆ 486కి కావాల్సిన 16 బిట్ల ఈఎక్స్‌ఈ కట్టేస్తాను. టర్బో సి++ ఆ ల్యాప్‌టాప్ మీద, డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్ లేకుండా లేవనే లేవదు. ఇంటరప్ట్ కూడా పాత పద్ధతే, హ్యాండ్లర్‌ని తగిలించే సెట్‌వెక్ట్ ఫంక్షన్ పేరు ముందు డాస్ చేర్చుకుంటే చాలు. గోటూఎక్స్‌వై లేదు, దానికి మెషీన్‌లోనే ఉండే బయాస్‌ని పిలిచే చిన్న ఫైల్ ఒకటి రాసుకున్నాను, ఒక పూట పని. ఇంట్ ఇక్కడా 16 బిట్లే కాబట్టి బరువుని లాంగ్ చేయక తప్పలేదు. స్ట్రక్చర్ ప్యాకింగ్ ఒక బైటుకి పెట్టడం మర్చిపోకండి.

తప్పులు వెతికే వాట్‌కామ్ డీబగ్గర్ మాత్రం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. ఏదైనా తేడా వస్తే కోడ్‌ని టర్బో సిలోకి తెచ్చుకుని ఎఫ్7 నొక్కుకుంటూ వెతికి, దిద్ది, మళ్లీ వాట్‌కామ్‌లో కట్టి పెన్ డ్రైవ్‌లో వేసుకుంటాను. ఆ 486కి యూఎస్‌బీ లేదు, అందుకని మిల్లు ఆఫీసు కంప్యూటర్‌లో ఫ్లాపీకెక్కించి కాటా గదికి పట్టుకెళ్లాలి. మంచి ఫ్లాపీలు ఇంకా నాలుగే ఉన్నాయి.