థైరాయిడ్ పొడి కొంటున్నారా? ముందు డబ్బా వెనుక చదవండి

థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు ఒక విన్నపం. "థైరాయిడ్ డైట్" పేరుతో ఫోనులో అమ్ముతున్న పొడుల జోలికి పోకండి. మా అక్క కొన్నది. డబ్బు పోతే పోయింది, ఒళ్లు గుల్లయింది.

పొద్దున్నే మాత్రతోపాటు రెండు చెంచాలు నీళ్లలో కలుపుకొని తాగితే కొన్నాళ్లకు మాత్రే అక్కర్లేదని అమ్మినవాళ్లు నమ్మబలికారు. డబ్బా ముందువైపు ఆకుల బొమ్మలు, "నూరు శాతం సహజం" అన్న మాట. వెనుక కంటికి ఆనని అక్షరాల్లో అసలు సంగతి: కెల్ప్ అనే సముద్రపు నాచు, సోయా ప్రొటీన్, కాల్షియం, బయోటిన్ 10,000 మైక్రోగ్రాములు.

సోయా, కాల్షియం రెండూ మాత్రను ఒంటికి సరిగా పట్టనివ్వవు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు; నాచులో అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. హషిమోటో రకం థైరాయిడ్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లకు అయోడిన్ ఎక్కువైతే జబ్బు ముదరవచ్చు. డబ్బా మీద అయోడిన్ ఎంతో రాయనే లేదు.

అన్నిటికన్నా నాకు భయం వేసింది బయోటిన్ విషయంలో. జుట్టుకు మంచిదని అందులో కలిపారు. రోజుకు 30, 40 మైక్రోగ్రాములు సరిపోయే విటమిన్ అది. మోతాదు ఇంతగా పెరిగితే కొన్ని రకాల రక్తపరీక్షల్లో టీఎస్‌హెచ్ (ఒంటికి థైరాయిడ్ హార్మోన్ చాలనప్పుడు సాధారణంగా పెరిగే అంకె) ఉన్నదానికన్నా తక్కువగా కనిపించవచ్చు. అక్కకు అదే జరిగింది. రిపోర్టులో అంకె తగ్గింది. "చూశారా, మాత్ర సగం చేయండి" అని అమ్మినవాళ్లు సందేశం పంపారు. మనిషి చూస్తే ముఖం ఉబ్బి, మెట్లు ఎక్కలేక ఆయాసపడుతోంది. డాక్టరుగారికి రిపోర్టు మీద అనుమానం వచ్చింది. పొడి మాన్పించి, కొన్ని రోజులు ఆగి మళ్లీ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంది.

డబ్బు అడిగితే, మూత తీసిన డబ్బాను వెనక్కి తీసుకోబోమని చెప్పేశారు.

ఇప్పుడు అక్క పరగడుపున మంచినీళ్లతో మాత్ర వేసుకుంటుంది. కాఫీ, టిఫిన్ గంట తర్వాతే. కాల్షియం, ఐరన్ మాత్రలు నాలుగు గంటల ఎడంతో. మామూలు అయోడిన్ ఉప్పుతో వండిన పప్పు, కూర, గుడ్డు, చేప, పెరుగు అన్నీ తింటోంది. క్యాబేజీని కూడా ఆ పొడివాళ్లు విషమన్నట్టు చెప్పి మాన్పించారు! ఉడికించి మామూలుగా తింటే దానివల్ల ప్రమాదం లేదని డాక్టరుగారే చెప్పారు.

ఇలాంటి పొడి ఇప్పటికే వాడుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా మాత్ర తగ్గించకండి. డబ్బాను డాక్టరుకు చూపించండి, పరీక్షకు వెళ్లినప్పుడు బయోటిన్ సంగతి ల్యాబులో చెప్పండి. ఆహారంగా అమ్మే వస్తువు జబ్బు నయం చేస్తుందని చెప్పుకోవడానికి మన ఆహార భద్రతా నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి బిల్లు, సందేశాలు, డబ్బా భద్రంగా ఉంచి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.