పెన్ పీహెచ్ మీటర్: కాలేజీ ల్యాబుకు ఎంతవరకు పనికొస్తుంది?

చవకరకం పెన్ పీహెచ్ మీటర్లు ఆన్‌లైన్‌లో ఏ పేరుతో కొన్నా దాదాపు ఒకే సరుకు. స్ట్రాంగ్ యాసిడ్‌కూ వీక్ యాసిడ్‌కూ తేడా పిల్లలకు కళ్లకు కట్టాలంటే భేషుగ్గా ఉంటాయి. కేఏ (యాసిడ్ ఎంత బలమైనదో చెప్పే స్థిరాంకం, Ka) తేల్చాలంటే మాత్రం జాగ్రత్త.

తెర మీద రెండో దశాంశం కనిపిస్తుంది గానీ, డబ్బాలోని కాగితం చదివితే చాలావాటికి కచ్చితత్వం ±0.1 అనే ఉంటుంది. లీటరుకు 5.7 మి.లీ. గ్లేసియల్ అసిటిక్ యాసిడ్ కలిపితే సుమారు 0.1 మోలార్ ద్రావణం. కేఏ 1.8 × 10⁻⁵ వేసి లెక్క కడితే పీహెచ్ 2.87. అంతే గాఢతగల హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు లెక్క ప్రకారం 1. మీటరు 1.1 చూపినా తిట్టకండి, అయాన్ల యాక్టివిటీ (నిజంగా పనిచేసే గాఢత) లెక్కకన్నా కాస్త తక్కువ కాబట్టి నిజంగానే అంత ఉంటుంది. అసలు చిక్కు అసిటిక్ యాసిడ్ దగ్గర. మీటరు 2.97 చూపిందనుకోండి, తప్పు 0.1 మాత్రమే. కానీ అక్కడినుంచి కేఏ రాబట్టేటప్పుడు హైడ్రోజన్ అయాన్ గాఢతను వర్గం చేస్తాం కదా, జవాబు 1.16 × 10⁻⁵కు పడిపోతుంది. మూడో వంతుకు పైగా తేడా!

దీనికి విరుగుడుంది. 50 మి.లీ. యాసిడ్‌లో అదే గాఢతగల సోడియం హైడ్రాక్సైడ్ 25 మి.లీ. కలిపి కొలవండి. సగం యాసిడ్ ఉప్పుగా మారుతుంది కాబట్టి పీహెచ్చే పీకేఏ (కేఏ లాగరిథమ్‌కు గుర్తు మార్చిన విలువ), 4.7 దగ్గర వస్తుంది. వర్గం చేసే పని లేదు. పైగా ఈ విలువ మీటరును సరిచూసే 4.01, 6.86 బఫర్ల (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాల) మధ్యలో పడుతుంది. 2.87 అయితే ఆ రెంటికీ బయటే.

కాలిబ్రేషన్ (ఆ సరిచూడటం) ముందు 6.86తో, తర్వాత 4.01తో చేయాలి. బఫర్ పొడి ప్యాకెట్‌ను 250 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లోనే కలపాలి. అనంతపురం బోరు నీళ్లలో కలిపారంటే వాటిలోని బైకార్బొనేట్లు బఫర్‌ను పాడుచేస్తాయి, ఇక ఆ తర్వాత ప్రతి రీడింగూ తప్పే. 9.18 బఫర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి దిగిపోతుంది, సీసాలో దాచొద్దు.

ఏటీసీ (ఉష్ణోగ్రతను బట్టి మీటరు దానంతటదే సరిచేసుకునే ఏర్పాటు) ఉందని మురిసిపోవద్దు. అది ఎలక్ట్రోడ్ వాలును (ఒక్కో పీహెచ్ మెట్టుకు మారే వోల్టేజీని: 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్టులు, 40 దగ్గర 62) సరిచేస్తుందే గానీ ద్రావణంలో వచ్చే మార్పును కాదు. మన ఎండాకాలపు 40 డిగ్రీల్లో 9.18 బఫర్ అసలు విలువ 9.07.

గాజు గుబ్బను గుడ్డతో రుద్దొద్దు, టిష్యూతో అద్దితే చాలు. మూతలో 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ చుక్కలుండాలి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెడితే ఎలక్ట్రోడ్ త్వరగా పాడవుతుంది. ఎలక్ట్రోడ్ విడిగా మార్చుకునే మోడల్ దొరికితే అదే తీసుకోండి.