చెన్నైకి బండి: రైల్వే లగేజీ బుకింగ్ ఎలా ఉంటుంది?

ఎంటెక్‌కో ఎంబీఏకో చెన్నై వెళ్లి గిండీ, తరమణి వైపు రూము తీసుకునేవాళ్లకు ఇంట్లో ఉన్న బైకును రైల్లో వేయించడం మంచి పనే. ఐఐటీ మద్రాసు హాస్టల్లో ఉండేవాళ్లకు మాత్రం ఈ ఖర్చు దండగ. ఆ క్యాంపస్‌లో విద్యార్థులు మోటారు బండ్లు వాడకూడదు, సైకిలే గతి.

బుకింగ్ రెండు రకాలు. టికెట్ చూపించి మీరెక్కే రైల్లోనే వేయిస్తే లగేజీ, టికెట్ లేకుండా పంపితే పార్సిల్. పార్సిల్ చవకే గానీ, జాగా ఉన్న రైలు దొరికేదాకా బండి ప్లాట్‌ఫారం మీదే ఎండకూ వానకూ పడి ఉంటుంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా లగేజీయే నయం. రైలు బయల్దేరే స్టేషన్లోనే ఎక్కించండి. విజయవాడ వాళ్లకు అక్కడే మొదలయ్యే పినాకిని ఎక్స్‌ప్రెస్ అందుకే అనువు. పొద్దున్నే కదులుతుంది కాబట్టి ముందురోజే బండి అప్పజెప్పాలి. మధ్య స్టేషన్లలో రైలు ఆగేదే రెండు మూడు నిమిషాలు, సామాన్లు వేసే బోగీ, అంటే బ్రేకు వ్యాను, అప్పటికే నిండి ఉంటే అంతే సంగతులు.

ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఆధార్ జిరాక్సులు పట్టుకెళ్లండి. ట్యాంకులో పెట్రోలు చుక్క మిగలకూడదు.

అసలు కష్టనష్టాలన్నీ ప్యాకింగులోనే. వ్యానులో బండిని బండికి ఆనించి కుక్కేస్తారు. ముందు విరిగేవి క్లచ్, బ్రేకు లీవర్ల కొసలు, ఆ తర్వాత ఇండికేటర్లు. అద్దాలు ఇంటి దగ్గరే విప్పి బ్యాగులో పెట్టుకోండి. లీవర్లకూ హెడ్‌లైటుకూ అట్ట, ట్యాంకు చుట్టూ గడ్డి, పైన గోనెపట్టా వేసి పురికొసతో కుట్టించండి. పార్సిల్ ఆఫీసు బయట ప్యాకింగు చేసేవాళ్లు ట్యాంకు వరకు బాగానే చుడతారు, లీవర్లను వదిలేస్తారు. దగ్గరుండి చేయించాలి. హ్యాండిల్ లాక్ వేయొద్దు, న్యూట్రల్‌లో ఉంచండి. లాక్ వేస్తే కూలీలు ముందుచక్రం ఎత్తి ఈడ్చుకుపోతారు.

ఫారంలో బండి విలువ రాసి, దానికి అడిగే అదనపు రుసుము కట్టండి. కట్టకపోతే బండి పోయినా పాడైనా రైల్వే బాధ్యత లగేజీకి కిలోకు 100 రూపాయలు, పార్సిల్‌కు 50 రూపాయలు దాటదు. అంటే 110 కిలోల బండికి లగేజీలో 11,000, పార్సిల్‌లో 5,500. ఈ లెక్క తెలిస్తే ఆ రుసుము దగ్గర ఎవరూ పీనాసితనం చేయరు.

చెన్నై సెంట్రల్లో దిగగానే అసలు రసీదు చూపించి బండి విడిపించుకోండి. ఆలస్యమైతే బండిని స్టేషన్లో ఉంచినందుకు గంటల లెక్కన వార్ఫేజ్ అనే రుసుము పడుతుంది. రసీదు ఇచ్చే ముందే గోనె విప్పి లీవర్లు, సైలెన్సర్ చూసుకోండి. దెబ్బ ఉంటే అక్కడే రాయించాలి, గేటు దాటాక అడిగినా లాభం లేదు. బంకు దాకా తోసుకెళ్లక తప్పదు. సీసాలో పెట్రోలు పెట్టుకుని రైలెక్కడం నేరం.

రెండేళ్ల కోర్సు కాబట్టి ఇంకొకటి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి మీ ఊరి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి. దసరాకో సంక్రాంతికో ఇంటికి వచ్చినప్పుడే ఆ పని మొదలుపెట్టండి.