పాత బెంజి కొంటే ఏది: 124నా, 210నా?

నెల్లూరులో పాత మెర్సిడెస్-బెంజి ఈ-క్లాస్ కారు వెతుకుతున్నారా? ముందు ముఖం తేల్చుకోండి. 1984లో వచ్చిన తరానికి కంపెనీ కోడ్ డబ్ల్యూ124; దానికి పలక దీపాలు, స్కేలు పెట్టి గీసినట్టుండే ఒళ్లు. బెంజి డిజైన్ విభాగాధిపతి బ్రూనో సాకో హయాంలోని ఆ డిజైన్ ఇప్పటికీ పాతబడలేదు. దాని తర్వాతి తరం, 1995 నాటి డబ్ల్యూ210కి నాలుగు గుండ్రటి దీపాలు; అప్పట్లో కొత్తే గానీ, ఇప్పుడు గుడ్లప్పగించి చూస్తున్నట్టుంటుంది.

లోపల మాత్రం 210దే పైచేయి, డ్యాష్‌బోర్డు మెత్తటి వంపులతో ఉంటుంది. 124లో అంతా నిటారే, గేరు చుట్టూ చారల చెక్క. అయితే దాని డోరు వేసినప్పుడు వచ్చే బరువైన చప్పుడు 210కి రాదు.

పైగా 210కి తుప్పు పేరుమోసిన జబ్బు. మైపాడు వైపు ఉప్పుగాలిలో తిరిగిన బండైతే చక్రాల పైనుండే బాడీ అంచులు, డోర్ల అడుగు వేలితో తడిమి చూడండి. పెయింటు పొక్కిందా, బేరమే వద్దు. ఎండకు డ్యాష్‌బోర్డు పగిలినా సరే, నా ఓటు 124కే.