నాలుగేళ్లుగా సర్కిల్‌మడ్ బఫర్లతో

మారతహళ్లిలో మా గదిలోని పాత ల్యాప్‌టాప్ మీద సర్కిల్‌మడ్ 3.1 నాలుగేళ్లుగా నడుస్తోంది. నలుగురూ నెట్‌లో చేరి, బొమ్మల్లేకుండా అక్షరాలతోనే ఆడుకునే ఆటను నడిపే సర్వర్ ప్రోగ్రామ్ ఇది. ఆడేది మా ఊరివాళ్లం, పదిమంది. ఎలా ఎక్కించాలో అందరికీ తెలిసిందే. నాకు ప్రాణమైనది దాని అవుట్‌పుట్ బఫర్ల పద్ధతి, అంటే ఆటగాళ్లకు పంపాల్సిన మాటలను పంపేదాకా దాచే మెమరీ ముక్కల ఏర్పాటు.

ఒక్కో ఆటగాడికి 1024 బైట్ల చిన్న బఫర్ ఉంటుంది. అది చాలకపోతే ఉమ్మడి నిల్వ నుంచి 12 కేబీకి కాస్త తక్కువుండే పెద్ద బఫర్ తీసుకుంటుంది, పంపడం అయ్యాక అక్కడే పెట్టేస్తుంది. పెళ్లికి గుండిగలు తెచ్చుకుని, తోమి తిరిగిచ్చినట్టు. నెలల తరబడి ఆపకపోయినా మెమరీ పెరగలేదు. "దీన్ని ముట్టుకోనక్కర్లేదు" అని అందరికీ చెప్పేవాణ్ణి.

కిందటి ఉగాదికి ఆటలో ఒక హరిదాసును పెట్టాను. తెలుగు కథ, నేనే రాశాను. రచ్చబండ దగ్గర తొమ్మిదిమంది చేరారు. కాసేపటికే తమ్ముడు ఫోన్ చేశాడు: "అన్నా, దాసుగారు మధ్యలో ఆగిపోయారు. చివర ఏదో పెట్టె గుర్తు, కింద ఓవర్‌ఫ్లో అని ఉంది." నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. సర్వర్ లెక్కలు చూపే 'షో స్టాట్స్' ఆదేశం కొడితే, అంతవరకు సున్నాగా ఉన్న ఓవర్‌ఫ్లోలు (పెద్ద బఫర్ కూడా పొంగిపోవడాలు) తొమ్మిది!

మొదట 1993లో బయటికొచ్చిన కోడ్ ఇది. దానికి అక్షరమంటే ఒక బైటు. తెలుగును కంప్యూటర్‌లో బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మన 'క' మూడు బైట్లు, 'కి' ఆరు, 'క్ష' తొమ్మిది. సర్వర్ తన పనులన్నీ సెకనుకు పదిసార్లు చుట్టివస్తుంది, ఒక్కో తిప్పులో బఫర్‌లో చేరినది పంపుతుంది. నా దాసు ఒక్క తిప్పులోనే కథంతా చెప్పేశాడు. బఫర్ నిండిన చోట బైటు లెక్కన కోత పడింది, అక్షరం నడిమికి చీలింది. ఆ పెట్టె గుర్తు అదే.

ఆ రాత్రి రెండు మార్పులు చేశాను. కోత పడే చోటు అక్షరం మధ్యలో ఉంటే దాని మొదటి బైటు దాకా వెనక్కి జరగడం ఒకటి. దాసు రెండు సెకన్లకో పేరా చెప్పడం రెండోది. అలా ఆగి చెబుతుంటే మధ్యమధ్యలో అందరూ "ఊఁ" కొట్టడం మొదలుపెట్టారు, నాకు ఎంత సంతోషమేసిందో!

వాళ్లు తెలుగులో టైప్ చేయగలగడానికీ కోడ్ మార్చాల్సే వచ్చింది. ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తుల పట్టిక) కాని బైట్లను ఆ కోడ్ చప్పుడు లేకుండా పారేస్తుంది. ముట్టుకోనక్కర్లేదన్న నా మాట ఇంగ్లిష్‌లో ఆడించేవాళ్లకే. తెలుగు పెట్టాలనుకుంటే, మా పదిమంది ఆట చూసి చెబుతున్నాను, ఎక్కించిన రోజే బఫర్ కోత పడే చోటా, టైప్ చేసింది తీసుకునే చోటా కోడ్ మార్చుకోండి.