చేతిలో 70-300, మూడేళ్ల తర్వాత

పిట్టల ఫొటోలు తీయడానికి నా దగ్గరున్నది మామూలు 70-300 ఎంఎం జూమ్ లెన్సే. 300 దగ్గర అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే కంత) ఎఫ్5.6, లోపల చేతి వణుకుని సర్దే స్టెబిలైజర్ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ట్రైపాడ్ ఎప్పుడూ మోయలేదు. చెన్నైలో పళ్ళికరణై చిత్తడినేల గట్టు, అడయారు నది సముద్రంలో కలిసేచోట విరిగిన వంతెన, సంక్రాంతికి నెల్లూరు పోతూ దారిలో నేలపట్టు పక్షుల కేంద్రం... అంతా చేత్తో పట్టుకుని తీసిందే. మొదటి ఏడాది నూటికి డెబ్బై మసకే. "బావా, ఎవరికన్నా అంటగట్టెయ్" అన్నాడు మా బావమరిది. అమ్మేసేవాణ్ణే.

ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే అంకె) 300 అయితే షట్టర్ 1/300 సెకను చాలని అందరూ చెప్తారు. అది ఫిల్మ్ రోజుల లెక్క, 35 ఎంఎం ఫ్రేముకి. నా కెమెరాది చిన్న సెన్సర్, 1.5 రెట్ల క్రాప్ (ఫ్రేము మధ్య భాగమే పడి బొమ్మ అంత పెద్దగా కనిపిస్తుంది), కాబట్టి 450 కింద లెక్కేసి 1/500 పెట్టాలి. పైగా చిన్న ప్రింటులో దాక్కునే వణుకు, 24 మెగాపిక్సెళ్లని స్క్రీన్ మీద నూరు శాతం పెంచి చూస్తే బయటపడిపోతుంది.

ఒకరోజు మేడమీద నీళ్ల ట్యాంకుకి తెలుగు పేపరు అంటించి, దూరంగా నిలబడి ఒక్కో స్పీడుకి పదేసి తీశాను. 'ప'కీ 'ఫ'కీ తేడా చెప్పే ఆ కింది చిన్న గీత కనిపిస్తే పాసు. స్టెబిలైజర్ ఆపేస్తే 1/125లో ఒక్కటి, 1/250లో నాలుగు, 1/500లో ఎనిమిది పాసయ్యాయి. ఆన్ చేస్తే 1/125లోనే ఎనిమిది! కిందికెళ్లి ఫిల్టర్ కాఫీ తాగొచ్చి మళ్లీ తీస్తే మార్కులు తగ్గాయనుకోండి, అది వేరే సంగతి.

పొంగిపోయి మర్నాడు పళ్ళికరణైలో 1/125 పెట్టాను. గూడబాతు ఒంటిమీది ఈకలు లెక్కపెట్టుకోవచ్చు, అంత బాగా వచ్చాయి. కానీ అది అప్పుడే మెడ తిప్పుతోంది, తలకాయంతా పొగలా మసక. స్టెబిలైజర్ నా చేతుల్ని ఆపుతుంది గానీ పక్షిని ఆపదు కదా! అప్పట్నుంచి కూర్చున్న పిట్టకి 1/500 తగ్గను. నడిచే కొంగకి 1/1000, ఎగిరేవాటికి 1/2000. లకుముకి నీళ్లలో దూకడం మాత్రం ఏ స్పీడులోనూ దొరకలేదు, నా వేలే ఆలస్యం.

మబ్బు పట్టిన పొద్దున ఎఫ్5.6లో 1/1000 పెడితే ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకి స్పందించే స్థాయి) వెయ్యి దాకా పోతుంది, 1/2000కి దానికి రెట్టింపు. నేను మొదట్లో 400 దాటనిచ్చేవాణ్ణి కాదు, నా మసక ఫొటోల్లో సగం ఆ పిసినారితనం పుణ్యమే. ఐఎస్ఓ పెరిగి నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తే సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, పిట్ట కన్ను చెదిరితే ఏం చేస్తాం? ఇప్పుడు మాన్యువల్‌లో స్పీడూ అపర్చరూ నేను పెట్టి, ఐఎస్ఓని ఆటోకి వదిలేస్తాను, 6400 హద్దు.

మే నెల ఎండలో మాత్రం ఇవేవీ పనిచెయ్యవు. పదకొండింటికి దూరంగా నిలబడ్డ నారాయణపక్షిని 1/2000లో వరసగా పది తీశాను. పదీ మెత్తగా ఉన్నాయి. విచిత్రంగా ఒక్కో ఫొటోలో కాళ్లు ఒక్కో వంకర. వేడెక్కిన నేలమీద గాలి ఊగుతూ వెలుతుర్ని వంచేస్తుంది, దానికి షట్టర్ ఏం చేస్తుంది? చేతి వణుకైతే అలా ఉండదు: ఫ్రేములో ఉన్న గడ్డీ రాయీ పిట్టా అన్నీ ఒకే దిక్కుకి సాగుతాయి. ఎండాకాలం నేను ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉంటాను.

విరిగిన వంతెన దగ్గర సాయంత్రం సముద్రపు గాలి, ఎండ పడకుండా లెన్సు ముందు తగిలించే హుడ్‌ని పట్టి లెన్సుని ఊపేస్తుంది, హుడ్ తీసేసి మోచేతులు డొక్కలకి ఆనిస్తాను. బటన్ నొక్కగానే వచ్చే మొదటి ఫ్రేముని నమ్మను, రెండోదీ మూడోదీ నయం. బటన్ సగం నొక్కి స్టెబిలైజర్‌నీ ఒక క్షణం కుదురుకోనివ్వాలి.

లెన్సు వయసు తెలుస్తోంది. మెడలో వేలాడేస్తే జూమ్ దానంతటదే 300కి జారుతుంది. రెండో వానాకాలం తర్వాత లోపలి గాజు మీద సాలెగూడులా ఫంగస్ పట్టింది. శుభ్రం చేయించి, మా ఆవిడ దగ్గర గట్టిమూత డబ్బా ఒకటి అడిగి తీసుకుని, సిలికా జెల్ సంచులేసి దాచాను. డబ్బా మీద ఇంకా 'కందిపప్పు' అనే ఉంది.